బేస్‌మెంట్ తలుపు దగ్గరి పాము

రెండేళ్ళ కిందటి చలికాలంలో మా ఇంట్లో నాలుగు పాములు తయారయ్యాయి. గుడ్డ పాములు. తలుపు కింద సందులోంచి చలిగాలి రాకుండా అడ్డంగా పడుకోబెట్టే పొడుగాటి దిండ్లన్నమాట. నేనూ నా పిల్లలిద్దరూ కూర్చుని కుట్టాం. వాటిలో మూడు ఏ పాపమూ ఎరగవు. నాలుగోదాన్ని నేను బేస్‌మెంట్ తలుపు దగ్గర పెట్టాను. ఆ తలుపుకి అవతల, మెట్లు దిగాక కింది గదిలో, ఇరవై మూడేళ్ళ అమ్మాయి ఒకతె ఉంటోందని తెలిసే పెట్టాను.

తెలిసే అనడం కొంచెం ఎక్కువేమో. తెలియక అంటే మాత్రం పచ్చి అబద్ధం. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉన్నాను. ఆ చోటు ఏమిటో నాకే అర్థం కావాలని ఇది రాస్తున్నాను.

మేముండేది చికాగో పక్కన అరోరాలో. ఇల్లు కొనేటప్పుడు తూర్పు వాకిలి దొరికిందని మా ఆయనా నేనూ పొంగిపోయాం. ఈశాన్యం ఖాళీగా ఉంది, ఆగ్నేయంలో వంటిల్లుంది, ఇంకేం కావాలి అనుకున్నాం. వెనకవైపు పడమర గోడలో సగం గాజు తలుపేనని, ఇక్కడ చలికాలం గాలంతా పడమటి నుంచే వచ్చి దాని మీద పడుతుందని, నలభై ఏళ్ళ పాత ఇంటి తలుపుల కింద వేలు దూరేంత సందులున్నాయని ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో రాసే ఉంది. దిక్కులు చూసుకున్నంత శ్రద్ధగా మేం ఆ రిపోర్టు చదవలేదు. మొదటి చలికాలం వచ్చేదాకా వాస్తు బ్రహ్మాండంగా ఉందనే చెప్పుకున్నాం.

ఆ అమ్మాయి మా ఆయన హాస్టల్ రూమ్మేట్‌కి పిన్ని కూతురు. నల్గొండ పిల్ల. చికాగోలో ఎమ్మెస్ డిసెంబర్‌లో పూర్తయింది. అపార్ట్‌మెంట్ లీజు అయిపోయింది, ఉద్యోగం రాలేదు, చదువయ్యాక ఉద్యోగానికిచ్చే ఓపీటీ గడువు మొదలైంది. తొంభై రోజులకి మించి ఖాళీగా ఉంటే దేశం వదిలి వెళ్ళాల్సిందే. ఆ రూమ్మేట్ ఫోన్ చేసినప్పుడు మా ఆయన నా మొహం చూశాడు. నేనే ముందుకొచ్చి, రమ్మనండి, బేస్‌మెంట్ ఖాళీగానే పడి ఉందిగా అన్నాను. అద్దె మాట ఎత్తబోతే ఎత్తనివ్వలేదు. ఆ ఎత్తనివ్వకపోవడం గురించి తర్వాత ఎంతమంది స్నేహితురాళ్ళకి చెప్పుకున్నానో నాకే లెక్క తెలియదు. "పాపం, మన పిల్లే కదా" అని మొదలుపెట్టేదాన్ని.

ఆ అమ్మాయి నన్ను అక్కా అనేది. నా తొమ్మిదేళ్ళ కూతురూ ఆరేళ్ళ కొడుకూ ఆ అమ్మాయిని అక్కా అనేవాళ్ళు. వరసలు ఎలా కుదిరాయో ఎవరూ పట్టించుకోలేదు. వచ్చిన వారంలోనే పిల్లలు ఆమెకి అతుక్కుపోయారు. మా పాపకి తెలుగులో సగం మాటలు రావు, వచ్చినవాటికి చివర్లు ఉండవు. ఆ అమ్మాయి ఓపిగ్గా ఆ చివర్లు తగిలిస్తూ కూర్చునేది. వంట వద్దన్నా చేసేది, గిన్నెలు వద్దన్నా తోమేది. మరీ అంత మొహమాటం ఏమిటి తల్లీ అని నేను విసుక్కునేదాన్ని. ఆ మొహమాటం మా ఇంట్లో ఉచితంగా ఉంటున్నందుకు ఆమె కడుతున్న అద్దె అని అప్పుడు తోచలేదు.

కింద గది బాగానే ఉంటుంది. కార్పెట్ ఉంది, బాత్రూమ్ ఉంది, పైకప్పుకి ఆనుకుని నేల మట్టంలో ఒక చిన్న కిటికీ ఉంది. పక్క గదిలో ఫర్నెస్. ఇల్లంతా వెచ్చబెట్టే ఆ యంత్రం ఉండేది అక్కడే గానీ, అది ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో చెప్పే థర్మోస్టాట్ మాత్రం పైన మా హాల్లో గోడకి ఉంటుంది. కింది నుంచి పైకి రావాలంటే మెట్లెక్కి వంటింటి పక్కనున్న తలుపు తోసుకుని రావాలి. పైఅంతస్తులో మాకు మూడు బెడ్రూములు. ఒకటి మాది, ఒకటి పిల్లలది. మూడోది మా ఆయన ఆఫీస్ రూమ్. అందులో ఒక బల్ల, రెండు మానిటర్లు, ఒక ట్రెడ్‌మిల్, దాని మీద ఆరేసిన బట్టలు ఉంటాయి. ఆ అమ్మాయి వస్తుందన్నప్పుడు ఆ గది సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

ఇక బియ్యం సంగతి. ఆ ముందు వేసవిలో మన దేశం బియ్యం ఎగుమతి ఆపేసిందని వార్త వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులు భగ్గుమన్నాయి. ఎవరో దుకాణం ముందు క్యూ ఫోటో పెట్టారు. అంతే, నేను కారేసుకుని మూడు ఊళ్ళు తిరిగి ఏడు బస్తాల సోనా మసూరి తెచ్చి బేస్‌మెంట్ మెట్ల కింద పేర్చాను. ఇంట్లో ఉన్నది నలుగురం, అందులో ఇద్దరు అన్నం పెడితే పాస్తా అడిగేవాళ్ళు. కొన్నాళ్ళకి బియ్యం మామూలుగానే దొరికాయి. నా బస్తాల్లో రెంటికి ముక్కపురుగు పట్టింది. పారేయడానికి చేతులు రాలేదు, వండటానికి మనసొప్పలేదు.

జనవరిలో ఒక రోజు చలి ఎంత దారుణంగా ఉందంటే స్కూళ్ళు మూసేశారు. బయట పది నిమిషాలుంటే చర్మం దెబ్బతింటుందని హెచ్చరికలు. మా ఆయనకి మీటింగులు, తలుపేసుకున్నాడు. పిల్లలు పదింటికే నా ప్రాణం తీయడం మొదలుపెట్టారు. గాజు తలుపు దగ్గర నిలబడితే కాళ్ళకి చల్లటి నీళ్ళు పోసినట్టుంది. అప్పుడు ఫోన్‌లో చూశాను, పాత బట్టలతో గొట్టంలా కుట్టి, లోపల బియ్యం నింపి తలుపు కింద పెట్టుకోమని. పిల్లలతో కలిసి చేయదగిన పని అని కూడా ఉంది. గొట్టం, బియ్యం. నా దగ్గర రెండూ ఉన్నాయనిపించింది.

గొట్టాలంటే నా చుడీదార్లు. పెళ్ళైన కొత్తలో కుట్టించుకున్నవి, ఇప్పుడు మోకాలు దాటి పైకెక్కనివి, ఎప్పటికైనా పడతాయని దాచుకున్నవి. చుడీదార్ పైజమా కాలు చూడండి, సన్నగా, పొడుగ్గా, తలుపు వెడల్పుకి మించి ఉంటుంది. రెండు పైజమాలకి నాలుగు కాళ్ళు. కత్తిరించి ఒక చివర కుట్టేస్తే చాలు. ఇన్నాళ్ళకి నా పొదుపు బుద్ధికి ఒక అర్థం దొరికిందని మురిసిపోయాను. పురుగు బియ్యాన్ని ముందే బయట డెక్ మీద పెట్టి ఆ చలికి పురుగులన్నీ చచ్చాక చెరిగాను. నీళ్ళ సీసా పైభాగం కోసి గరాటా చేసి ఇచ్చాను. మావాడు కాలు పట్టుకుంటే పాప బియ్యం పోసింది. ఎర్ర చుడీదార్, ఆకుపచ్చ చుడీదార్. కళ్ళకి గుండీలు, నాలుకకి ఎర్ర రిబ్బను. వంటింటి నేలంతా బియ్యం. చాలా కాలం తర్వాత పిల్లలు మూడు గంటలు తెర ముందు కూర్చోకుండా ఉన్నారు.

ఆ అమ్మాయి టీకి పైకొచ్చింది. చూసి నవ్వింది, కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. గరాటాలో బియ్యం పోస్తుంటే చేయి కొంచెం వెనక్కి తీసుకుంది.

"బియ్యం కదా అక్కా, కాళ్ళకు తగుల్తయేమో."

పురుగు పట్టినవేలే, వీటికి అంత మర్యాద అక్కర్లేదు అని నేను తేల్చేశాను. ఆ అమ్మాయి తన వంతు పోసింది. కింద పడిన గింజల్ని మాత్రం ఎవరూ తొక్కకముందే ఏరి గిన్నెలో వేసింది. ఏ మాటైనా ఆ అమ్మాయి ఒక్కసారే, అదీ మెల్లిగా చెబుతుందని, అవతలివాళ్ళు కొట్టిపారేస్తే రెండోసారి ఎత్తదని ఆ రోజే నాకు తెలిసి ఉండాలి.

పాములు నాలుగు అయ్యాయి. ముందు తలుపుకి ఒకటి, గాజు తలుపుకి ఒకటి, గరాజ్ తలుపుకి ఒకటి. నాలుగోది ఎక్కడ అని వెతుకుతూ నేను ఇంట్లో తిరిగాను. బేస్‌మెంట్ తలుపు కింద చేయి పెట్టి చూస్తే చల్లటి గాలి పైకి తన్నుకొస్తోంది. ఇంకేం, ఇక్కడ అన్నాను. మా పాప పామును పట్టుకుని నిలబడింది.

"అక్క కింద ఉంటది కదా అమ్మా. ఇది ఎందుకు?"

కింది చలి పైకి రాకుండా అన్నాను. మరి కింద చలి కిందే ఉంటదా అని అడిగింది. నువ్వు పెట్టు ముందు అన్నాను. ఆ అమ్మాయి అప్పుడు సింకు దగ్గర కప్పు కడుగుతోంది. విన్నదో లేదో నేను చూడలేదు.

పాములు నిజంగానే పనిచేశాయి. ఆ సాయంత్రానికే హాల్లో తేడా తెలిసింది. రెండ్రోజులకి మా ఆయన థర్మోస్టాట్ ముందు నిలబడి, ఫర్నెస్ ఇదివరకటంత ఆన్ అవ్వట్లేదు, గమనించావా అన్నాడు. అంత చదివినవాడు అలా అన్నాడు, అంత తెలివైనదాన్ని నేను మురిసిపోయాను. పైన గాలి ఆగింది, హాలు తొందరగా వేడెక్కింది, గోడ మీది థర్మోస్టాట్ ఇక చాలనుకుని కింది యంత్రాన్ని ఆర్పేస్తోంది. కింది గదికి వెచ్చదనం అందేది ఆ యంత్రం నడిచినంతసేపే. మాకు హాయిగా ఉన్న ప్రతి గంటా కింద ఆ అమ్మాయికి చలి పెరుగుతోంది. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. మాలో ఎవరమైనా ఒక్క నిమిషం ఆమె వైపు నుంచి ఆలోచిస్తే తెలిసేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాము ఉండేది మా వైపు. ఆ అమ్మాయి తలుపు తోసుకుని పైకొస్తే పాము జరిగిపోతుంది. తిరిగి కిందికి వెళ్ళి తలుపు వేసుకుంటే దాన్ని సర్దడానికి ఆమె చేయి ఇటు అందదు. రెండుసార్లు పాము పక్కకి పడి ఉండటం చూసి నేను చెప్పాను, వెళ్ళేటప్పుడు ఒక కేక వెయ్యమ్మా, మేం పెట్టుకుంటాం అని. ఎంత మామూలుగా చెప్పానో. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి తలుపు వేసేముందు "అక్కా, కిందికి పోతున్నా" అని చెప్పి మరీ వెళ్ళేది.

మావాడికి అదొక ఆటయింది. ఆ మాట వినపడగానే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, పామును కాలితో తోసి తలుపుకి ఆనించి, "గేట్ క్లోజ్" అని అరిచేవాడు. చప్పట్లు కొట్టేవాళ్ళం. ఒకసారి వీడియో తీసి స్టేటస్‌లో పెట్టాను. అందరూ నవ్వుల బొమ్మలు పంపారు. చూసినవాళ్ళలో ఆ అమ్మాయి కూడా ఉంది, ఆమె కూడా ఒక నవ్వు పంపింది. తర్వాత ఆ వీడియో మళ్ళీ చూశాను. తలుపు వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. మావాడు అరవగానే ఆ అడుగులు ఆగుతాయి. కాసేపటికి మళ్ళీ మొదలవుతాయి. తీసేశాను ఆ వీడియోని. తీసేసినంత మాత్రాన నా చెవిలోంచి పోలేదు.

మెల్లిమెల్లిగా ఆమె పైకి రావడం తగ్గింది. ఇదివరకు రోజుకి అయిదారుసార్లు వచ్చేది, ఇప్పుడు రెండుసార్లు. టీ ఫ్లాస్కులో పోసుకుని వెళ్ళిపోయేది. ఇంటర్వ్యూలకి చదువుకుంటోంది పాపం అని మేం అనుకున్నాం. మంచిదే కదా అని కూడా అనుకున్నాం. మనసు లోపలి మాట చెప్పాలంటే, నాకు కొంచెం తేలిగ్గా కూడా ఉంది. సొంత చెల్లెలైనా ఎన్ని రోజులని ఇరవై నాలుగ్గంటలూ నవ్వుతూ మాట్లాడతాం.

ఆ అమ్మాయి చెప్పింది. ఒక్కసారి. ఫ్లాస్కు మూత బిగిస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"కింద కొంచెం సల్లగుంటున్నది అక్కా."

బేస్‌మెంట్ అంటే అంతేనమ్మా, ఎండాకాలంలో చూడు ఎంత హాయిగా ఉంటుందో అన్నాను. ఎండాకాలం దాకా ఆమె ఇక్కడుంటుందో లేదో ఆమెకే తెలియని రోజులవి. పైనుంచి ఒక పాత కంఫర్టర్, మందపాటి బొంత, తెచ్చిచ్చాను. ఇచ్చానన్న తృప్తి కూడా పడ్డాను. ఆమె థ్యాంక్స్ అక్కా అని దాన్ని గుండెలకి ఆనించుకుని తీసుకెళ్ళింది.

ఫిబ్రవరి మొదట్లో ఒక మంచి కంపెనీతో వీడియో ఇంటర్వ్యూ వచ్చింది. ఆ గంట పైన ఆఫీస్ రూమ్ వాడుకోవచ్చా అని మా ఆయన్ని అడిగింది. ఆయనకీ అదే సమయంలో మీటింగ్. ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోవచ్చు. కానీ వెనకాల మావాడి గోల, గిన్నెల చప్పుడు. కింద ప్రశాంతంగా ఉంటుంది కదా అని ఆయనే అన్నాడు, నేనూ తలూపాను. సాయంత్రం ఎలా అయింది అని అడిగితే, బాగానే చేశాననుకుంటున్నా గానీ గొంతు వణికింది అక్కా అంది. నేను కుర్చీ లాక్కుని కూర్చుని అరగంట క్లాసు పీకాను. కాన్ఫిడెన్స్ ముఖ్యం, ముందు రోజు అద్దం ముందు నిలబడి మాట్లాడి చూసుకో, టెన్షన్ పడకు, వాళ్ళూ మనుషులే అని. శ్రద్ధగా విన్నది. సరే అక్కా అంది. ఆ ఉద్యోగం రాలేదు.

ఈలోగా నా పాములకి పేరొచ్చింది. ఫోటోలు చూసి స్నేహితురాళ్ళు మాకూ కావాలన్నారు. ఒక శనివారం నలుగురైదుగురు పిల్లల్ని పిలిచి పాముల కార్యక్రమం పెడదామనుకున్నాను. బియ్యం కావాలి. ఆ అమ్మాయి పొద్దున్నే స్నేహితులతో గుడికి వెళ్ళింది. రెండో పురుగు బస్తా తీసుకుందామని నేను కిందికి దిగాను. నెలన్నరలో నేను కిందికి దిగడం అదే మొదటిసారి. ఆమె ప్రైవసీ అని చెప్పుకునేదాన్ని.

ఇంట్లో వేసుకునే పల్చటి చొక్కాతో దిగాను. సగం మెట్లలోనే చలి తెలిసింది. కింద కాలు పెట్టేసరికి కార్పెట్ తడిగా ఉందా అనిపించింది, తడి కాదు, చలి. మంచం మీద పరుపు లేదు. పరుపు ఫర్నెస్ గది గుమ్మంలో నేల మీద ఉంది. యంత్రానికి వీలైనంత దగ్గరగా తల పెట్టుకుని పడుకునేలా వేసుకుంది. నేనిచ్చిన కంఫర్టర్, దాని మీద తన కోటు, దాని మీద రెండు తువ్వాళ్ళు. ఇంటర్వ్యూకి కూర్చునే బల్ల కింద ఒక అట్టపెట్టె, దాంట్లో పాత స్వెట్టర్ కుక్కి ఉంది. కాళ్ళు అందులో పెట్టుకుని కూర్చుంటుందన్నమాట. పైకప్పులో వేడిగాలి వచ్చే జాలీ దగ్గర చేయి పెట్టి నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. ఫర్నెస్ వెలగలేదు.

గొంతు ఎందుకు వణికిందో అప్పుడు తెలిసింది.

కిటికీ కింద అంచున ఒక పాము ఉంది. నాది కాదు. పసుపు రంగు చున్నీని చుట్టి కుట్టింది. నొక్కి చూస్తే గరగరమంది, లోపల ప్లాస్టిక్ సంచులూ కాగితాలూ. మెట్ల కింద అన్ని బస్తాల బియ్యం పెట్టుకుని కూడా ఒక గింజ వాడలేదు. కళ్ళకి రెండు గుండీలు. నాలుక ఎర్ర రిబ్బను. ఆ రిబ్బను కత్తిరింపు నాకు తెలుసు, చివర ఎప్పుడూ వంకరగా పోతుంది. అది మా పాప చేయి.

బియ్యం బస్తా ముట్టుకోకుండా పైకొచ్చి పాపని అడిగాను. ఏడుపు మొహం పెట్టింది. అక్కకి తనే సాయం చేసిందట, నేను ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు వెళ్ళి. అక్క ఫర్నెస్ చప్పుడు లెక్కపెడుతుందట. పాములు రాకముందు ఎక్కువసార్లు వచ్చేదట, ఇప్పుడు తక్కువ వస్తోందట. మరి నాకెందుకు చెప్పలేదే అన్నాను, కోపంగానే.

"అక్క నీకు చెప్పొద్దు అంది. అమ్మ శాడ్ అవుతది అంది."

తొమ్మిదేళ్ళ పిల్ల మొదటి రోజే నన్ను అడిగిన ప్రశ్న గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. మా ఆయనకి చెబితే ఆయన మొహం కూడా పాలిపోయింది. థర్మోస్టాట్ సంగతి నాకు వివరించాడు, బొమ్మ గీసి మరీ. ఆ తర్వాత, గదిలో పెట్టుకునే స్పేస్ హీటర్ కొందాం అన్నాడు. ఆఫీస్ రూమ్ ఇచ్చేద్దాం అని నేను అనాలి. ఆయన అంటాడేమోనని నేను చూశాను, నేను అంటానేమోనని ఆయన చూశాడు. వెళ్ళి హీటర్ తెచ్చాం.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. మార్చిలో ఆమెకి ఉద్యోగం వచ్చింది, టెక్సస్‌లో. ఇప్పుడు అక్కడే కాపెల్‌లో ఇద్దరు స్నేహితురాళ్ళతో ఉంటోంది. వెళ్ళేటప్పుడు పిల్లలకి బట్టలు, నాకు ఒక చీర పెట్టి వెళ్ళింది. ప్రతి పండక్కీ మెసేజ్ పెడుతుంది. మీ మేలు మర్చిపోలేను అక్కా అని రాస్తుంది. ఎగతాళి కాదు, ఆ పిల్లకి ఎగతాళి రాదు. నేను ఏదో రాయబోతాను, చెరిపేస్తాను, ఒక దండం బొమ్మ పంపి ఊరుకుంటాను. ఇదంతా చూసి అంతా మంచిగానే అయిందిలే అనుకోవడం తేలికే. అనుకోనివ్వనిది హీటర్ తెచ్చిన ఆ సాయంత్రం.

హీటర్ పెట్టెతో నేనొక్కదాన్నే కిందికి వెళ్ళాను. ఏం చెప్పాలో కారులోనే అనుకున్నాను. తప్పు మాదేనమ్మా, నువ్వు చెప్పినప్పుడు నేను వినలేదు. ఈ రెండు ముక్కలే. పెద్ద కష్టమైన మాటలేం కావు. ఆమె వచ్చేసరికి నేను ఆ పరుపు పక్కన నిలబడి ఉన్నాను. మెట్లు దిగుతూనే నన్ను చూసింది, పరుపును చూసింది, కిటికీ వైపు చూసింది. మొహంలో రంగు పోయింది. ఏదో దొంగతనం చేసి పట్టుబడినట్టు నిలబడింది. ప్రసాదం పొట్లం చేతిలో అలాగే ఉంది.

ఆ మొహం చూడగానే నా నోట్లోంచి అనుకున్న మాటలు రాలేదు. వేరే మాటలు వచ్చాయి, గట్టిగా.

"ఏంటమ్మా ఇదంతా? చలేస్తోందని నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చు కదా. మేమేమన్నా పరాయివాళ్ళమా? రేపు మీ అమ్మకి తెలిస్తే మా గురించి ఏమనుకుంటుంది?"

చెప్పాను కదా అక్కా అని ఆమె అనొచ్చు. అంటుందేమోనని నేను ఎదురుచూశాను కూడా. అంటే బాగుండేది. ఆమె తల దించుకుని పరుపు అంచు సర్దింది.

"సారీ అక్కా. చెప్పాల్సుండె."

నేను హీటర్ ప్లగ్ పెట్టాను. అది ఎర్రగా వెలిగేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. తర్వాత నేను ఆమె భుజం తట్టి, "పర్లేదులే, ఇంకెప్పుడూ ఇలా చేయకు" అని, ఆ పిల్లని క్షమించి, పైకి వచ్చేశాను.